రెడ్డెమ్మ మూడూళ్ల వైద్యయాత్ర

ఆడవాళ్ల క్యాన్సర్లు చూసే పెద్ద డాక్టర్లు మన ఇళ్లకి దూరంగా ఉండటమే మంచిది! ఎంత దూరమైతే అంత మేలు!

కోప్పడకండి. ముందు సదుం దగ్గరి రెడ్డెమ్మ సంగతి వినండి. ఏభై ఆరేళ్ల మనిషి. ఆమె కింద మూడెకరాల టమోటా తోట, రెండు జెర్సీ ఆవులు, నారాయణస్వామి అనే ఒక మొగుడు. ముగ్గురికీ వేళకి పెట్టాల్సింది పెడుతూ, ఊరు దాటే తీరిక లేకుండా ముప్పై ఏళ్లు గడిపేసింది. పుంగనూరుకి పోయేది జాతరకి. మదనపల్లెకి ఒకసారి పోయింది, కూతురు చంద్రిక కాన్పుకి. కుప్పం అనేది ఓట్లప్పుడు టీవీలో వినపడే ఊరు, అంతే.

అట్లాంటి మనిషి ఏడు నెలల్లో ఈ మూడూళ్లూ తిరిగేసింది. ప్రతి ఊర్లోనూ ఏ ఆసుపత్రి బెంచీకి ఏ కాలు విరిగిందో చెప్పగలదు. దగ్గర్లో డాక్టరు ఉండి ఉంటే ఈ లోకజ్ఞానం వచ్చేదా?

మొదలైంది ఇట్లా. ముట్టు ఆగిపోయిన అయిదేళ్లకి, ఒకరోజు ఆవులకి గడ్డి వేస్తుంటే రెడ్డెమ్మకి మళ్లీ నెత్తురు కనపడింది. మరుసటి వారం ఇంకోసారి. ఎవరికీ చెప్పలేదు. గుడ్డలు ఉతికి గడ్డివామి వెనక ఎవరి కంటా పడని చోట ఆరేసింది. ఈ వయసులో ఇదేం సిగ్గుమాలిన పని అని తన ఒంటిని తానే తిట్టుకుంది. ఒళ్లు వినలేదు. రెండు నెలలు పోయాక, పాలక్యాను ఎత్తబోయి కళ్లు తిరిగి అక్కడే కూలబడింది.

నారాయణస్వామి పరిగెత్తుకొచ్చాడు. "ఏమ్మే, ఏమైందే?"

"మోకాలు నొస్తాండాది," అంది రెడ్డెమ్మ.

మోకాలే ఎందుకంటారా? మోకాలంత మర్యాదైన భాగం ఒంట్లో ఇంకేముంది! మామగారి ముందర చెప్పుకోవచ్చు, మరిది ముందర చెప్పుకోవచ్చు, బస్సులో తెలియనివాణ్ణి లేపి సీటు కూడా అడగొచ్చు. గర్భసంచి పేరు చెప్పి సీటు అడిగిన ఆడమనిషిని మీరెక్కడైనా చూశారా?

నారాయణస్వామి మంచివాడు. మరునాడే పుంగనూరులో ఎముకల డాక్టరుకి చూపించాడు. ఎక్స్‌రే తీసి, ఈ వయసుకి ఇంత మంచి మోకాళ్లు తాను చూడలేదని ఆయన మెచ్చుకున్నాడు. మెచ్చుకొని ఊరకే పంపితే బాగుండదని ఒక ఆయింట్‌మెంటు, రెండు తొడుగులు రాశాడు. నెలన్నర రాసింది రెడ్డెమ్మ. మోకాళ్లు నిగనిగలాడాయి. నెత్తురు మాత్రం ఆగలేదు.

ఈ గుట్టు బయటపెట్టింది చంద్రిక. అత్తగారి ఊరు అంగళ్లు నుంచి అమ్మని చూడ్డానికి వచ్చి, గడ్డివామి వెనక్కి పోయి, ఆ గుడ్డలు చూసింది. అమ్మని నిలదీసింది. కాసేపు ఇద్దరూ ఏడ్చారు. తర్వాత చంద్రిక కళ్లు తుడుచుకొని వచ్చి, "నాయినా, అమ్మని ఆడోళ్ల డాక్టరుకి సూపించల్ల," అంది.

"యాల? మోకాలికా?"

"నువ్వేమీ అడగాకు. సూపించు."

నారాయణస్వామి సరేనన్నాడు. పాపం, ఆయన్ని ఏమనగలం? టమోటా ఆకు కాస్త ముడుచుకుంటే దానికొచ్చిన వైరస్ పేరు ఇంగ్లీషులో చెప్పి, మదనపల్లె మార్కెట్టు మధ్యలో నిలబడి గంటసేపు ఉపన్యాసం ఇవ్వగల మనిషి. ఇంటి మనిషి ఒంటి దగ్గరికి వచ్చేసరికి ఆయనకి తెలుగే రాదు.

పుంగనూరులో ఆడవాళ్ల డాక్టరు సెలవులో ఉంది. ఆమె బదులు కూర్చున్నాయన వేడి చేసిందని నెల రోజులకి మాత్రలు ఇచ్చాడు. నెల తర్వాత డాక్టరమ్మ వచ్చింది, ఈసారి స్కానింగు చేసే మనిషి సెలవు. ఆయనా వచ్చాక స్కాన్ తీశారు. గర్భసంచి లోపలి పొర మందంగా ఉంది, మదనపల్లె పొమ్మని ఒక చీటీ రాసిచ్చారు. చూశారా? ఒక ఊర్లోనే అన్నీ ఉంటే రెండో ఊరు చూసే యోగం ఎక్కడిది!

మదనపల్లెలో ఒక నర్సింగ్ హోం. అక్కడి డాక్టరు చీటీ చదివి, తల ఎత్తకుండానే, "సంచి తీసేస్తే సరిపోతుంది. మంగళవారం ఖాళీ ఉంది," అన్నాడు. నారాయణస్వామికి ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్లకి ఒకరు తేల్చి చెప్పారు! మంగళవారానికి పేరు రాయించడానికి కౌంటరు దగ్గరికి పోయాడు.

బెంచీ మీద రెడ్డెమ్మ పక్కన వరమ్మ కూర్చుని ఉంది. మిషన్ ఆసుపత్రిలో ముప్పై ఎనిమిదేళ్లు స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైన మనిషి. కోడలు షైనీ కాన్పుకి వచ్చి, లోపలి నుంచి కబురు కోసం కాచుకొని ఉంది. ఊరకే కూర్చోవడం వరమ్మకి చేతకాదు.

"ఏమ్మా, ఏమి కష్టం?"

"మోకాలు నొస్తాండాదక్కా."

వరమ్మ తలుపు మీద బోర్డు చూసింది. రెడ్డెమ్మ మోకాళ్లు చూసింది. "ఇన్నేండ్ల సర్వీసులో ఈ రూము ముందర మోకాళ్లు పట్టుకోని కూర్చున్న మనిషిని నేను సూడలా. ముట్టు ఆగి ఎన్నేండ్లైంది తల్లీ?"

ఆ ఒక్క మాటకి రెడ్డెమ్మ కరిగిపోయింది. గడ్డి మోపు దగ్గర నుంచి మంగళవారం దాకా గుసగుసగా అంతా చెప్పేసింది.

"ముక్క తీసి పరీక్షకి పంపినారా?"

"ఏం ముక్క?"

వరమ్మ లేచింది. కౌంటరు దగ్గర నారాయణస్వామి భుజం తట్టింది. "ఏమప్పా, మంగళవారం వద్దు. ముందు లోపలి పొర ముక్క తీసి పరీక్ష చేయించల్ల. అది క్యాన్సరైతే ఊరికే సంచి కోసేస్తే సాలదు. యాడి దాకా పాకిందో సూసి, అండాశయాలు, పక్కనుండే లింఫు గ్రంథులు అన్నీ సరిసూసుకోని చెయ్యల్ల. దానికోసమని చదువుకున్నోళ్లు వేరే ఉండారు."

క్యాన్సర్ అనే మాట వినపడగానే బెంచీ మీదున్న నలుగురూ ఒకేసారి జరిగారు. ఆ చివరనున్నాయన కింద పడ్డాడు.

"అమ్మా, రవ్వంత మెల్లిగా..." అని బతిమాలాడు నారాయణస్వామి.

"యాల మెల్లిగా? దానికి చెవులుండాయా?"

కౌంటరు అమ్మాయి రాసిన పేరు కొట్టేసింది. ముక్క పరీక్షకి పోయింది. రిపోర్టు రావడానికి పన్నెండు రోజులు. ఆ పన్నెండు రోజులూ రెడ్డెమ్మ ఇంట్లో వైద్య సభలు జరిగాయి. కత్తి తగిలితే ఒళ్లంతా పాకుతుందని చిన్నాయన లక్ష్మయ్య తీర్మానించాడు. ఏదో పసరు తాగితే పుట్టినచోటే మాడిపోతుందని ఇంకొకరు. సభికులందరూ దాన్ని ఆ జబ్బు అన్నారు, పెద్ద జబ్బు అన్నారు, అది అన్నారు. పేరెత్తినవాడు ఒక్కడు లేడు. ఇంతమంది నిపుణులు గుమ్మంలోనే ఉండగా కుప్పం దాకా పోవడం దండగ కదా!

రిపోర్టు వచ్చింది. గర్భసంచి క్యాన్సర్.

ఆ సాయంత్రం రెడ్డెమ్మ కొట్టంలోకి పోయి ఆవు పక్కన కూర్చుంది. ఏడుపు రాలేదు. తాను పోతే ఈ రెండు ఆవులకీ ఎవరి చెయ్యి అలవాటవుతుందా అని ఆలోచించింది. పెద్దావు ఇంకెవరు పితికినా తన్నుతుంది. నారాయణస్వామి వచ్చి గడ్డి వేసే గాటికి ఆనుకొని నిలబడ్డాడు. చివరికి చెంబు తీసుకొని పెద్దావు కింద కూర్చున్నాడు. తన్నించుకున్నాడు. మళ్లీ కూర్చున్నాడు.

వరమ్మ ఫోన్ల మీద ఫోన్లు చేసి దారి కనిపెట్టింది. కుప్పంలో ఒక ఆసుపత్రికి పదిహేను రోజులకొక గురువారం నిఖిత అనే డాక్టరమ్మ వస్తుంది. ఆడవాళ్లకి వచ్చే క్యాన్సర్ల ఆపరేషన్లే ఆమె పని. సదుం నుంచి పుంగనూరు, అక్కణ్నుంచి పలమనేరు, అక్కణ్నుంచి కుప్పం. మూడు బస్సులు. వరమ్మ పుంగనూరులో కలిసి వాళ్ల వెంట వెళ్లింది.

"ఏమైందో చెప్పండి," అంది డాక్టరమ్మ.

నారాయణస్వామి గొంతు సవరించుకున్నాడు. "అంటే మేడమ్... ఆడ... కింద పక్క... అది..."

"మీరు కాదండీ. అమ్మ చెప్పాలి."

రెడ్డెమ్మ వరమ్మ వైపు చూసింది. వరమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఇక తప్పదు. "గర్భసంచిలోనుంచి నెత్తురు పోతాండాది డాక్టరమ్మా. ఏడు నెల్ల నుంచి."

అనేసింది! గోడలు కూలలేదు. మొగుడు మూర్ఛపోలేదు. ఫ్యాను అట్లాగే తిరుగుతోంది.

"ఏడు నెలలా? ఎందుకమ్మా ఇన్నాళ్లు ఆగావు?"

రెడ్డెమ్మ లోలోపల లెక్క వేసుకుంది. రెండు నెలలు తన సిగ్గువి. నెలన్నర మోకాళ్లవి. తక్కినవన్నీ బెంచీలవి.

ఆపరేషన్ మూడు గంటలు పట్టింది. రెండు వారాలకి, మళ్లీ వచ్చిన గురువారం, డాక్టరమ్మ మంచం అంచున కూర్చుని నిదానంగా చెప్పింది. సంచి దాటి బయటికి పాకలేదు. కరెంటు, అంటే రేడియేషన్, పెట్టే పని లేదు. మూడు నెలలకొకసారి వచ్చి చూపించుకుంటే చాలు. అది విని నారాయణస్వామి వరండాలోకి పోయి, ఎవరూ లేని మూల చూసుకొని, వెక్కి వెక్కి ఏడ్చాడు.

పక్క మంచంలో గుడుపల్లె శాంతకుమారి ఉంది. కుప్పానికి అరగంట దూరం ఆమె ఊరు. ఆమెది గర్భసంచి ముఖద్వారానికి వచ్చిన క్యాన్సర్. "ఈడ ఇట్లాంటి డాక్టరమ్మ వస్తాదనే నాకి తెలీదు. ఎవురికి చెప్పుకోవల్లో తెలీక ఏడాది కూర్చుంటి," అంది. ఆమెకి ఆపరేషన్ చేసే దశ దాటిపోయింది. కరెంటు పెట్టించుకోవడానికి వేలూరు పంపారు. వెళ్తూ వెళ్తూ రెడ్డెమ్మ చెయ్యి పట్టుకొని చాలాసేపు వదల్లేదు.

ఇంటికొచ్చిన మూడో నెలలో డ్వాక్రా సంఘం మీటింగు. అందరి సంతకాలూ అయ్యాక రెడ్డెమ్మ లేచి నిలబడింది. "నాకి గర్భసంచిలో క్యాన్సర్ వచ్చింది. తీసేసినారు. ముట్టు ఆగినాక మళ్లీ కనపడితే, మరకైనా సరే, సుక్కైనా సరే, దాచుకోకండి. పై గురువారం కుప్పానికి డాక్టరమ్మ వస్తాది, పోయి సూపించుకోండి," అని కూర్చుంది.

లీడరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఒక ముసలామె చెవులు మూసుకుంది. పరువు పోగొట్టుకున్నానేమోనని రెడ్డెమ్మ ఆ వారమంతా నీళ్లకి కూడా వేరే దారిన పోయింది.

తర్వాతి గురువారం తెల్లారి చూపించుకోవడానికి సదుంలో బస్సెక్కబోతే, స్టాపులో నలుగురు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో ప్లాస్టిక్ కవరు, అందులో ఆధార్ కార్డు. అందరికంటే ముందు వెంకటరత్నమ్మ, సంఘంలో నోరెత్తని మనిషి.

బస్సు కదిలాక కండక్టరు వచ్చాడు. ఆడవాళ్లకి ఇప్పుడు పల్లెవెలుగు ఫ్రీ కదా, డబ్బు ఊసు లేదు, ఊరు చెబితే చాలు. అయిదుగురూ పుంగనూరన్నారు, ఆపైన కుప్పం పోవాలన్నారు.

"ఏందమ్మా, అందరూ గుంపుగా కుప్పానికా? పెండ్లా?"

వెంకటరత్నమ్మ గట్టిగా ఊపిరి పీల్చుకుంది. "కాదప్పా. గర్భసంచులు సూపించుకొనేదానికి పోతాండాము."

కండక్టరు చెవులు ఎర్రబడ్డాయి. గబగబా అయిదు జీరో టికెట్లు కొట్టి ఇచ్చి డ్రైవరు దగ్గరికి పారిపోయాడు.

కాబట్టి పాఠకులారా, దూరమే మేలు అని ఒప్పుకుంటారు కదా? అయిదుగురు ఆడవాళ్లు పొలాలు, ఆవులు వదిలిపెట్టి, నూరు కిలోమీటర్ల పైన, మూడు బస్సులు మారి పోతున్నారు. ఇటు రావలసింది ఒక్క డాక్టరమ్మ! పదిహేను రోజులకి ఒక్కసారి! పైవాళ్లలో మీకెవరైనా తెలిసినవాళ్లుంటే వాళ్ల చెవిన ఒక మాట వేయండి. ఆమె కూడా ఆడమనిషే. ఆమెకీ బస్సు ఫ్రీ!