అత్తగారి పావురాలు, నా నంబరు తాళం

విమానం ఎక్కేముందు పెట్టెకు తాళం వేయాలా వద్దా అని ప్రతి ఇంట్లోనూ గొడవ పడతారు. అందరికీ దొంగల భయం. నాకు మాత్రం మా అత్తగారి భయం. మీరు మనవాళ్లు కాబట్టి చెబుతున్నాను, ఇంకెక్కడా అనకండి.

ఈ బయూమీ, అంటే నేను, కువైట్‌లో భూగోళం పాఠాలు చెబుతాడని మీకు తెలుసు. ఏటా వేసవిలో మా దేశానికి, మన్సూరా వెళ్లి అత్తగారింట్లో నెల్లాళ్లు ఉండి వస్తాం. వచ్చేటప్పుడు అత్తగారు హాజా నఫీసా నా పెట్టెలో గడ్డకట్టించిన బాతుల్ని సర్దుతుంది. పోయినేడు ఒక బాతు దారిలో కరిగి నా సూటులోకి ఇంకిపోయింది. బడి తెరిచిన రోజు నేను క్లాసులో అడుగుపెట్టగానే పిల్లలు ఆకలేస్తోందన్నారు.

ఈసారి అలా జరిగితే నా కొంప మునిగినట్టే. దిగిన మర్నాడు పొద్దున ఎనిమిదింటికి హెడ్మాస్టర్ పోస్టుకు ఇంటర్వ్యూ. దానికోసమే నల్ల సూటు కుట్టించుకున్నాను.

అటు అత్తగారికీ ఒక పంతం ఉంది. కువైట్‌లోనే ఉన్న చిన్న కూతురు వఫా ప్రసవించింది. మేం దిగే రోజే బిడ్డకు ఏడో రోజు పండుగ. ఆ రోజు బాలింత పుట్టింటి పావురాలు తినకపోతే మా వైపు అదొక లోటు. అత్తగారికి వీసా రాలేదు. పావురాలకు వీసా అడగరు కదా అని, పన్నెండింటిని పొట్టలో పచ్చిగోధుమ నూక కూరి, వండి, రాళ్లలా గడ్డకట్టించి ఉంచింది.

నా భార్య ఇన్సాఫ్ పెట్టె పసిబిడ్డ బట్టలతో నిండిపోయింది. పావురాలకు చోటు చేయాలంటే మిగిలింది నా పెట్టే.

అందుకే ప్రయాణం రోజు పొద్దున్నే మూడంకెల తాళం తెచ్చి, జిప్పు కొక్కేలు రెండూ కలిపి బిగించాను. తూకం చూస్తే సరిగ్గా ఇరవై మూడు కిలోలు.

"ఇదేంటి?" అంది ఇన్సాఫ్.

"తాళం. విమానాశ్రయాల్లో దొంగలు ఎక్కువయ్యారట."

"నీ బనీన్లు ఎత్తుకెళ్లేంత గతిలేని దొంగ ఎక్కడున్నాడు? తాళం చూస్తేనే వాడికి ఆశ పుడుతుంది. నంబరెంత?"

"నా గుండెల్లో ఉంది."

"మరి అమ్మ పావురాలు?"

"పెట్టె మూసేశాక గుర్తు చేస్తే ఎలా? ముందే చెప్పాలి."

"నెల్లాళ్లుగా చెబుతూనే ఉన్నాను."

అత్తగారు గుమ్మంలో నిలబడి అంతా విన్నది. "పోనీలే నాయనా, నీ పెట్టె నీ ఇష్టం. వెళ్లి స్నానం చేసి రా, టీ పెడతాను" అంది. ఆవిడ వాదించకుండా వదిలేయడం పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో నేను చూడలేదు. గెలిచాననుకుని ఈల వేసుకుంటూ స్నానానికి పోయాను.

విమానాశ్రయంలో తూకం వేశారు. ఇరవై మూడు. కువైట్‌లో దిగాక చూస్తే తాళం వేసింది వేసినట్టే ఉంది. "చూశావా" అన్నాను. ఇన్సాఫ్ ఆకాశం వంక చూసింది.

తిన్నగా వఫా ఇంటికి వెళ్లాం. సూటు నలిగిపోతుందని ముందు పెట్టె తెరిచాను. చేతికి చల్లగా ఏదో తగిలింది.

మూత పూర్తిగా ఎత్తాను. తువ్వాళ్లలో, పాత పేపర్లలో చుట్టిన పన్నెండు పావురాలు వరసగా పడుకుని ఉన్నాయి. సూటు లేదు. బూట్లు లేవు. నా అట్లాసులు నాలుగూ లేవు. నా పెట్టె కాదేమోనని మూత తిప్పి చూశాను. నా పేరే ఉంది. నేలమీద కూలబడ్డాను.

"నంబరెవరు చెప్పారు?" అన్నాను చివరికి.

"నీ గుండెల్లోది మాకెలా తెలుస్తుంది?"

ఇన్సాఫ్ పెట్టె మూసి మళ్లీ తాళం బిగించి, నా జేబులోంచి పెన్ను లాగి, తాళం వేసిన జిప్పు పళ్ల మధ్య మొన గుచ్చింది. పెట్టె నోరు తెరిచింది. తాళంతో సహా కొక్కేలను ఆ చివరినుంచి ఈ చివరికి ఒకసారి లాగింది. మూసుకుపోయింది. గీత కూడా పడలేదు.

"అమ్మ నలభై ఏళ్లు బట్టలు కుట్టింది. జిప్పుల సంగతి ఆవిడకు నువ్వా చెప్పేది?"

"మరి తూకం?"

"ఎంత పెట్టామో అంత తీశాం. నీ అట్లాసులు భలే బరువు."

"నా సూటు?"

"బీరువాలో వేలాడుతోంది. వచ్చే ఏడు తొడుక్కుందువు."

ఈసారి గట్టిగా అరిచి తీరాలనుకున్నాను. మాటలు కూడదీసుకునేలోపే పావురాలు వంటింట్లో వేడెక్కి పళ్లెంలోకి వచ్చేశాయి. వఫా ఒక ముక్క నోట్లో పెట్టుకుని, "అమ్మ చేతి వంట" అని వెక్కి వెక్కి ఏడ్చింది. నాకు సిగ్గేసింది. ఆ పిల్ల నోటి దగ్గర కూడు తాళం వేసి ఆపబోయాను కదా అనిపించింది. అరవడం మాని పళ్లెం ఆమె దగ్గరికి జరిపాను.

తోడల్లుడు దస్సూకీ జాలిపడి తన సూటు తెచ్చిచ్చాడు. ఆయన మనిషి భారీ. అందులో నేను, ఇంకో అభ్యర్థి కలిసి ఇంటర్వ్యూకు వెళ్లొచ్చు.

అది తొడిగి చూసుకుంటుంటే అత్తగారు ఫోన్లో కనబడింది. "నూరేళ్లు చల్లగా ఉండు నాయనా. నా పావురాలను దారిలో ఎవరు కాజేస్తారోనని హడలిపోయాను. నువ్వు తాళం వేశావు కాబట్టి పన్నెండుకు పన్నెండూ చేరాయి" అంది.

పండుగకు వచ్చినవాళ్లంతా నావైపు తిరిగి మెచ్చుకున్నారు. ఒకాయన ఆ తాళం ఎక్కడ కొన్నానో అడిగి రాసుకున్నాడు.

"వచ్చే ఏడు ఇంకాస్త గట్టి తాళం కొను నాయనా, బాతులు పంపుతాను" అంది అత్తగారు.

దస్సూకీ కోటు చేతుల్లోంచి వేళ్లు బయటికి తీసుకుంటూ, "అలాగే అత్తమ్మా" అన్నాను.