మిద్దె అనగానేమి?

తెలుగు మాటలకు శాశ్వతమైన, తిరుగులేని అర్థాలు నిర్ణయించే భారాన్ని పండితుల నుంచి ఒక గృహ సర్వే యాప్ స్వీకరించింది. "మిద్దె" అనే మాటకు అర్థం తిరుచానూరులో తేలింది. తేలిన సమయానికి అక్కడ దేవకమ్మ ఉండటం యాదృచ్ఛికం.

దేవకమ్మ గుడి వీధిలో పూలు కట్టి అమ్ముతుంది. భర్త పోయాక, పదో తరగతి చదివే కూతురు పూజితతో కలిసి ప్రసూనాంబ గారి మిద్దె మీద, నీళ్ల ట్యాంకును ఆనించి నాలుగు రేకులు వేసుకుని కాపురముంటోంది. (చిత్తూరు వైపు డాబా ఇంటినీ మిద్దె అంటారు, దాని పైకప్పునూ మిద్దె అంటారు. వినేవాళ్లకు తేడా తెలుస్తుంది. యాప్ వినదు.)

ఇళ్ల స్థలాల జాబితా కోసం సర్వేకు వచ్చిన యువరాజ్ ఆ ఊరివాడే. ఎక్కడ ఉంటావక్కా అని అడిగితే "మిద్దె మింద" అని ఆమె చెప్పిన మాట అతనికి చక్కగా అర్థమైంది. "రేకుల ఇల్లు" నొక్కాడు. యాప్ నాలుగు గోడల ఫొటోలు పెట్టమంది. ఉన్నది ట్యాంకు గోడ ఒక్కటే. "గుడిసె" నొక్కాడు. ఆకు కప్పు చూపమంది. ఇక మిగిలింది "మిద్దె". నొక్కగానే తెర పచ్చగా వెలిగి, "సొంత గృహం, మొదటి అంతస్తు. అభినందనలు" అంది.

జాబితాలో పేరు లేకపోయేసరికి దేవకమ్మ ఆఫీసుకు వెళ్లింది. గృహపదార్థ నిర్ధారణాధికారి మోహన్‌కృష్ణ (ఈ హోదా కూడా యాప్‌తో పాటే పుట్టింది) ఆమెకు కుర్చీ వేయించి అంతా ఓపిగ్గా విన్నాడు. మిద్దె ఉన్నవారు లేనివారు కావడానికి రెండే దారులని వివరించాడు. మిద్దె అమ్మడం, లేదా అది కూలడం. కూలితే ఫొటో కావాలి.

"అది ప్రసూనమ్మ మిద్దె సార్. నేనెట్ట కూలగొట్టేది?"

"కూలగొట్టమని మేం ఎవరికీ చెప్పమమ్మా. కూలితే తెలియజేయమంటాం, అంతే."

విచారణ జరిపిస్తానన్నాడు. మాట నిలబెట్టుకున్నాడు కూడా. వారంలో ప్రసూనాంబకు తాఖీదు అందింది. తమ ఇంటి మొదటి అంతస్తు యజమాని దేవకమ్మ హక్కులపై అభ్యంతరాలుంటే తెలపవలసిందని.

ప్రసూనాంబ చెడ్డమనిషి కాదు. ఉగాదికి తన మనవరాలితో సమంగా పూజితకూ పావడా కుట్టించిన మనిషి. ఆ సాయంత్రం మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కి వచ్చి, రేకుల కింద చాలాసేపు కూర్చుంది.

"నాకు నీ మింద నమ్మకముండాది దేవకీ. నా కొడుక్కి కాగితం మింద నమ్మకం."

దేవకమ్మ చేతిలోని మాల పూర్తిచేసి, మర్నాడు రేకులు దించింది. పూజిత పరీక్షలకు ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి. తల్లీకూతుళ్లు యాత్రికుల షెడ్డులో చేరారు. మూడు రోజులు గడిచాక, మొక్కేమీ లేకుండానే ఉంటున్నారని తెలిసి అక్కడివాళ్లు పంపేశారు.

దేవకమ్మ మళ్లీ ఆఫీసుకు వెళ్లి, ఇప్పుడు తనకు ఏ మిద్దే లేదని చెప్పింది. మోహన్‌కృష్ణ నిజంగానే సంతోషించి, వెంటనే యువరాజ్‌ను పిలిపించాడు. యువరాజ్ యాప్ తెరిచాడు. "ప్రస్తుత నివాసం" అనే గడి ఖాళీగా వదిలితే అది ముందుకు కదలదు. అతను తలెత్తకుండా అడిగాడు.

"అక్కా, యాడుండావని రాసేది?"

"ఈడే ఉండాను కదప్పా. నీ ఎదురుగా."

ఆ వెసులుబాటు యాప్‌లో లేదు. ఉన్నవాటిలో ఆమెకు సరిపోయేది ఒక్కటే కనిపించింది. "శాశ్వతంగా ఊరు విడిచి వెళ్లారు." యువరాజ్ అది నొక్కాడు. సదరు వ్యక్తి వెళ్లిపోయినట్లు ధ్రువీకరించడానికి సదరు వ్యక్తి వేలిముద్ర కావాలంది. దేవకమ్మ వేలు పెట్టింది.

మొదటిసారికే పడింది.