దోమతెర సాధన

పొద్దున్నే బోర్ల ఇంజినీరు తన ఇంటి మెయిన్ స్విచ్ తనే కట్టేశాడు. రెండేళ్ళపాటు అతను చేతిపంపులు వేయించబోయేది ఓ బీద దేశపు పల్లెల్లో. అక్కడ కరెంటు చుట్టపుచూపుగా వచ్చిపోతుందట.

"అక్కడికెళ్ళి అల్లాడే బదులు ఇక్కడే అలవాటు పడదాం" అన్నాడు.

"పడండి. ఇల్లు నమ్మకమైన చేతిలో పెట్టందే నేను మాత్రం గడప దాటను" అంది భార్య. ఆ బెంగే అతన్ని తినేస్తోంది. అద్దెకు మనిషి దొరక్కపోతే రెండేళ్ళూ ఒంటరి బతుకే.

నిజానికి వీధి దృష్టిలో అతను వెళ్ళిపోయి మూడు రోజులైంది. ఇంటింటికీ తిరిగి వీడ్కోలు చెప్పాక విమానం వాయిదా పడింది. మళ్ళీ మొహం చూపించలేక తలుపులు బిగించుకున్నాడు. హాల్లో కుర్చీలకీ బీరువాకీ తెల్లదుప్పట్లు కప్పారు. ఆ మసక వెలుతురులో అవి ఎవరికోసమో కాచుకున్నట్టున్నాయి.

మధ్యలో వేలాడదీసిన దోమతెరలో ఇంజినీరు టీకా జ్వరంతో మూలుగుతున్నాడు. భార్య బయట తాళం వేసి మాత్రలకు వెళ్ళింది. కాసేపటికి తలవైపునుంచి చల్లగా విసనకర్ర గాలి తగిలింది. పిచ్చిది, అప్పుడే వచ్చేసిందనుకుని కళ్ళు తెరవలేదు.

సరిగ్గా అప్పుడే పక్కింటి పిన్నిగారు తన దగ్గరున్న రెండో తాళంచెవితో తలుపు తీసింది. వెంట ఇల్లు చూడవచ్చిన లెక్కల మాస్టారు. తెరలో తెల్లటి ఆకారం లేచి కూర్చుంది.

"ఇంకాస్త గట్టిగా విసరవే!"

పిన్నిగారి కేక వీధి చివరిదాకా వినిపించింది. మాస్టారు మాత్రం లోపలికి నమస్కారం పెట్టి వెనక్కి నడిచాడు.

"విమానం కూలుంటుంది నాయనా! ఇంటిమీద బెంగతో వచ్చేశాడు!" అని పిన్నిగారు చాటింది. మాత్రలతో వచ్చిన భార్యను ఆడవాళ్ళు చుట్టేశారు.

"గుండె దిటవు చేసుకో తల్లీ. మీ ఆయన ఇక లేరు."

జ్వరం అంతపని చేసిందా అని ఆమె ఘొల్లుమంది. ఆ ఏడుపు విని ఇంజినీరు దోమతెరతో సహా బయటికి పరిగెత్తుకొచ్చాడు. వీధి క్షణంలో ఖాళీ అయింది.

"టీకా జ్వరం పిన్నిగారూ! నేను చావలేదు!"

"చచ్చినవాళ్ళంతా అలాగే అంటారు" అంది ఆవిడ గోడ వెనకనుంచి.

భార్య మెట్లమీద కూలబడింది. "ఇక ఈ కొంపలో ఎవడు దిగుతాడండీ? మీరొక్కరే వెళ్ళాలి" అని కళ్ళు తుడుచుకుంది. అతనికీ ఏడుపొచ్చింది.

అంతలో మాస్టారు గేటు తీసుకుని వచ్చాడు. "ఇల్లు నచ్చిందండీ. రేపే దిగుతాం."

"మీకు భయం వెయ్యలేదా?" అన్నాడు ఇంజినీరు.

"భయమెందుకండీ? జ్వరమని తెలుస్తూనే ఉందిగా, పాపం ఆ పెద్దావిడ పక్కన కూర్చుని విసురుతోంటే. నన్నూ కూర్చోమని సైగ చేశారు. ఆవిడ ఇక్కడే ఉంటానంటే మా ఆవిడకి తోడు."

ఇంజినీరు భార్యవైపు చూశాడు. "విసిరింది నువ్వు కాదూ?"

"నేను మందుల షాపులో ఉన్నానుగా."

ఇంట్లో పెద్దావిడ ఎవరూ లేరు. తెరిచిన తలుపులోంచి విసనకర్ర టపటప మాత్రం తీరిగ్గా వినిపిస్తోంది. ఇంజినీరు గబగబా భార్య దగ్గరున్న తాళంచెవులు తీసుకుని మాస్టారి చేతిలో పెట్టాడు.

సాధన ఆ పూటతో ముగిసింది. ప్రయాణమయ్యేదాకా దంపతులిద్దరూ లాడ్జిలో, కరెంటు ఫ్యాను కిందే ఉన్నారు.