యంత్రానికి షోకాజ్ నోటీసు

పింఛనుదారులకు ముఖ్య గమనిక. మన పింఛన్ల కార్యాలయం వెబ్‌సైటు నిక్షేపంగా ఉంది. తెరవగానే తెర నిండా ఎర్రగా కనిపించే హెచ్చరిక కేవలం అలంకారం. దాన్ని చూసి ఎవరూ కంగారు పడనక్కర్లేదని డైరెక్టరుగారు స్వయంగా సెలవిచ్చారు కాబట్టి ఎవరూ కంగారు పడలేదు, ఒకావిడ తప్ప.

ఈ కార్యాలయం చేసే పని పాఠకులకు తెలిసిందే. ఏటా పెద్దవాళ్ళని పిలిచి, మీరు బతికే ఉన్నారా, ఆధారం ఏమిటని అడుగుతుంది. కళ్ళెదుట నిలబడి దగ్గుతున్నా సరే, ఆధారం ఆధారమే. ఈమధ్య వాళ్ళ మోకాళ్ళ మీద జాలిపడి, బతికున్నట్టు ఇంట్లోంచే వెబ్‌సైటులో తెలపమన్నారు. గడువులోగా తెలపనివాళ్ళు పోయినట్టు లెక్క.

పాపం వెబ్‌సైటుకీ ఇలాంటి బాధే ఉంది. అది అసలుదేనని, దొంగది కాదని బయటి సంస్థ ఒకటి ధ్రువపత్రం ఇస్తుంది. కొన్నాళ్ళకోసారి కొత్తది తీసుకోవాలి. ఆ సంస్థ యంత్రం ఒక గుర్తు చెబుతుంది. మన సర్వరు దాన్ని ఫలానా ఫోల్డరులో పెడుతుంది. యంత్రం నెట్లోంచే వచ్చి తలుపు తట్టి, గుర్తు అక్కడుందో లేదో చూసుకుని పోతుంది. ఉంటే కొత్త పత్రం వస్తుంది. సర్వర్లు చూసే ఇంజనీరమ్మ ఈ ఏర్పాటంతా టీ చల్లారేలోపు చేసి పెట్టింది. అప్పట్నించీ పత్రాలు వాటంతటవే వస్తున్నాయి. ఎవరికీ తెలియలేదు. సవ్యంగా జరిగే పనిలో ఉన్న పెద్ద లోపం అదే.

ఆడిటు పుణ్యమా అని చివరికి తెలిసింది. ఫైలు లేకుండా, సంతకం లేకుండా తన కార్యాలయంలో ఒక పని జరిగిపోతోందని విని డైరెక్టరుగారు ఆ పూట భోజనం చెయ్యలేకపోయారు. అందరినీ సమావేశపరిచారు.

"మీరు మీరేనా అని మనల్ని అడుగుతోందా? దాని హోదా ఏమిటండీ అసలు? ఊరందరి దగ్గరా రుజువులు పుచ్చుకునే కార్యాలయం ఇది! మనం రుజువు చూపించడమేమిటి, నామోషీగా లేదూ?"

"పైగా వేళాపాళా లేదు సార్. సెలవు రోజుల్లో కూడా వచ్చిపోతోంది," అన్నాడు అసిస్టెంటు డైరెక్టరు.

"వచ్చినప్పుడు రిజిస్టర్లో సంతకం పెడుతోందా?"

"లేద్సార్."

ఇంజనీరమ్మ లేచి నిలబడింది. "సార్, అది లోపలికి రాదండీ. ఆ ఒక్క ఫోల్డరే..."

"చూడనిచ్చింది నువ్వేగా అమ్మా? కూర్చో."

తీర్మానం ఏకగ్రీవం. ఇకపై ఆ ఫోల్డరు తలుపు తట్టినవారు ఎవరైనా సరే, ముందు యూజరు పేరు, పాస్‌వర్డు చెప్పాలి. ఇన్నాళ్ళూ అనుమతి లేకుండా తొంగిచూసినందుకు యంత్రానికి షోకాజ్ నోటీసు పంపారు. జవాబు రాలేదు. మౌనాన్ని నేరాంగీకారంగా నమోదు చేశారు.

ఇంజనీరమ్మ ఉత్తర్వు అమలు చేసింది. యంత్రం వచ్చింది, పాస్‌వర్డు అడిగే పేజీ చూసింది, గుర్తు కనబడలేదని రాసుకుని వెళ్ళిపోయింది. దానికి అభిమానం లేదు కనక మళ్ళీ మళ్ళీ వచ్చింది. ఈలోగా పాత పత్రం గడువు తీరి, సైటు తెరిచినవాళ్ళకి ఎర్ర హెచ్చరిక రావడం మొదలైంది.

డైరెక్టరుగారు వెనుకాడే మనిషి కాదు. ఈ సైటు మా సైటే, ఇట్లు మేమే అని కార్యాలయమే తనకి తాను పత్రం రాసిచ్చుకుని సంతకం పెట్టుకుంది. సర్వరు వినయంగా స్వీకరించింది. జనం ఫోన్లు మాత్రం ఒప్పుకోలేదు. వాటికి క్రమశిక్షణ తక్కువ. హెచ్చరిక వస్తే 'ప్రమాదమైనా ఫర్వాలేదు, ముందుకు వెళ్తాను' అన్నచోట నొక్కవలసిందని సూచనలు వెలువడ్డాయి. రాసింది ఇంజనీరమ్మే. జనం విధేయంగా నొక్కారు. అచ్చం ఇలాగే ఉండే దొంగ సైట్లు రెండు పుట్టుకొస్తే అక్కడా అంతే విధేయంగా నొక్కి, అడిగిన వివరాలన్నీ ఇచ్చారు. ప్రజల్లో సాంకేతిక చైతన్యం పెరిగిందని వార్షిక నివేదిక కొనియాడింది.

నొక్కనిది ఇంజనీరమ్మ అత్తగారు. నర్సుగా చేసి రిటైరయ్యారు. సీసా మీద రాసింది చదవకుండా ఎవరికీ సూది గుచ్చి ఎరగరు. ఆమెకున్నది ఆ పింఛనే.

"ఏమే అమ్మాయ్, మీ వివరాలు దొంగిలించే ప్రమాదం ఉందని రాసుందే ఇందులో?"

"అబ్బా, నొక్కెయ్యండి అత్తయ్యా. అందరూ నొక్కుతున్నారు."

"చదివే నొక్కుతున్నారా?"

"చదివితే ఎలా నొక్కుతారు!"

"అయితే ఇది అబద్ధమంటావా?"

కోడలు కాసేపు గరిటె తిప్పింది. "నిజమే. అయినా నొక్కండి."

అత్తగారు కళ్ళజోడు తీసి ఫోను పక్కన పెట్టేశారు. గడువు దాటింది. పింఛను ఆగింది.

ఆవిడ గొడుగేసుకుని కార్యాలయానికి వెళ్ళారు. గుమాస్తా తెర చూసి నొచ్చుకున్నాడు. "మీరు పోయారండీ."

"ఎదురుగా ఉన్నాను కదయ్యా!"

"ఎదురుగా చాలామంది ఉంటారండీ."

ఆవిడ అక్కడే తెల్లకాగితం అడిగి తీసుకుని, నేను బతికే ఉన్నాను అని రాసి, కింద సంతకం పెట్టారు. కాగితం డైరెక్టరుగారి బల్ల మీదికి వెళ్ళింది. ఆవిణ్ణి లోపలికి పిలిచారు. తలుపు దగ్గర కోడలు నిలబడి ఉంది.

డైరెక్టరుగారు ఎంతో దయగా నవ్వారు. "ఎవరికి వాళ్ళు సంతకం పెట్టుకుంటే చెల్లుతుందా అమ్మా? బయటివాళ్ళెవరైనా వచ్చి, చూసి, మీరు మీరేనని చెప్పాలి. రూలు."

కోడలు నోరు తెరిచింది. డైరెక్టరుగారు అటు చూశారు. మూసుకుంది.

కార్యాలయం తరఫున సంతాప సందేశం మర్నాడే ఇంటికొచ్చింది. అత్తగారు దాన్ని కూడా మొదట్నించీ చివరిదాకా చదివారు.

ఈ ఏడు చదివి ఆగినవాళ్ళు పోయినట్టు, చదవకుండా నొక్కినవాళ్ళు బతికున్నట్టు లెక్క తేలింది. మిగిలిన పాఠకులందరూ కులాసాగా ఉన్నారని రికార్డులు చెబుతున్నాయి. చాలా సంతోషం.