సిద్దయ్య ఇంట్లో బ్లూస్

ఇబ్రహీంపట్నంలో వినీత్, భవిత అనే అన్నాచెల్లెళ్ళకు ఒక రాక్ బృందం ఉంది. బృందమంటే వాళ్ళిద్దరే. అన్నయ్యది గిటారు, చెల్లెలిది పాట. పాతకాలపు రాక్‌ను, అమెరికావాళ్ళ శోకగీతమైన బ్లూస్‌ను, పల్లెపాటను కలిపి మళ్ళీ బతికించాలని వాళ్ళ పట్టుదల. ఇప్పటిదాకా వాళ్ళ పాట చివరిదాకా విన్నవాళ్ళు పదకొండు మంది. అందులో ఇద్దరు వాళ్ళే.

ఆ రోజు ఒక పోటీకి పాట పంపడానికి ఆఖరి గడువు. తండ్రి సిద్దయ్యకు గిటారు చప్పుడు పడదు. తల్లి జల్‌పల్లిలో చుట్టాలింట్లో ఉంది. అందుకని పొద్దున్నే తండ్రిని కంటి పరీక్షకని తుర్కయాంజాల్ ఆటో ఎక్కించి, తలుపులు బిగించి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని పాట రికార్డు చేయడం మొదలుపెట్టారు.

"పొద్దుగాల లేసి చూస్తే నువ్వు లేవాయె, నన్నిడిసి యాడికి వోతివే..."

పక్కింటి అనంతమ్మ ఊడుస్తున్న చీపురు ఆపింది. కిటికీ సందులోంచి చూస్తే భవిత కళ్ళు మూసుకుని శోకం తీస్తోంది. సిద్దయ్య మంచం ఖాళీ. తలుపు కొట్టినా ఎవరూ పలకలేదు. సిద్దయ్యకు ఫోన్ చేస్తే, అది ఇంట్లోనే మోగి మోగి ఆగిపోయింది.

వాళ్ళు ఆ పాటను బాగా వచ్చేదాకా పద్నాలుగు సార్లు పాడారు. ఒక్కోసారికి గల్లీలో పదిమంది పెరిగారు.

పది గంటలకు వినీత్ తలుపు తీసేసరికి వాకిట్లో టెంటు, కుర్చీలు, డప్పులవాళ్ళు, నూటయాభై మంది జనం.

"అన్న, మన పాటకే వచ్చిండ్రు," అంది భవిత.

కౌన్సిలర్ బాలనర్సింహ వచ్చి వినీత్ భుజం మీద చెయ్యి వేశాడు. "ధైర్యంగుండు తమ్మీ. ఎప్పుడైంది?"

"ఆరింటికి మొదలైంది. ఇప్పుడే అయిపోయిందన్న."

"శానా తిప్పలైందా?"

"పద్నాలుగు సార్లు ప్రయత్నం జేసినం."

బాలనర్సింహ కళ్ళు తుడుచుకున్నాడు. "బాపు లోపలున్నడా?"

"లేడు. పొద్దుగాల్నే పంపించేసినం. ఇంట్ల ఉంటే మా పని కాదు."

అనంతమ్మ ముందుకొచ్చింది. "ఊరికి జెప్పకుంట పంపిస్తరా? పోయేటప్పుడు ఏమన్నా అన్నడా?"

"తలుపు వెట్టుకోండ్రి అన్నడు."

ఆమె బోరుమంది. ఆ ఏడుపు చూసి తమ పాట మనసుకు తాకిందనుకున్న వినీత్, "మళ్ళొక్కసారి పాడమంటరా?" అని అడిగాడు. అందరూ తలలూపారు. ఈసారి డప్పులు కూడా కలిశాయి. ఏ రికార్డింగులోనూ రానంత బాగా పాట ఆ టెంటు కింద వచ్చింది.

అప్పుడే సిద్దయ్య ఆటో దిగాడు. కళ్ళలో మందు వేయడంతో అంతా మసకగా ఉంది. చెప్పులు విడిచి చివరి కుర్చీలో కూర్చుని, పక్కాయనను అడిగాడు. "ఎవరు పోయిండ్రు?"

"సిద్దయ్య. ఈ ఇంటాయన," అన్నాడతను కళ్ళు తుడుచుకుంటూ, తల తిప్పకుండా. "మాట కటువు గని మనిషి మంచోడు."

సిద్దయ్య కుర్చీని కొంచెం ముందుకు జరుపుకున్నాడు. అరవై రెండేళ్ళలో ఆ మాట అతని ఎదుట ఎవరూ అనలేదు. ఇంకా ఏమంటారో విందామనిపించింది.

పాట అయ్యాక బాలనర్సింహ భవిత చేతిలోని మైకు అందుకున్నాడు. "ఈ గల్లీకి సీసీ రోడ్డు కావాలని సిద్దయ్య మూడేండ్లు నా ఎనక తిరిగిండు. ఇగ ఆగేది లేదు. ఆయన పేరు మీద రేపే పని మొదలువెట్టిస్త."

సిద్దయ్య లేచి నిలబడ్డాడు. "పొద్దుగాలనా, మాపటిమీదనా?"

జనం వెనక్కి తిరిగిన ఊపుకు రెండు కుర్చీలు పడిపోయాయి. అనంతమ్మ అతని చెయ్యి గిల్లి చూసింది. బాలనర్సింహ మైకు కిందికి దించి, "నువ్వు బతికే ఉన్నవ్ గదనే," అని నసిగాడు.

"ఉన్న. గందుకని రోడ్డు ఆపుతవా? నూటయాభై మంది ఇన్నరు."

ఆపడానికి వీల్లేకపోయింది. మర్నాడు కంకర దిగింది. సిద్దయ్య బిడ్డల దగ్గరకు వచ్చి గిటారు తీగను వేలితో ఒకసారి మీటి చూశాడు. "మంచిగనే పాడిండ్రు," అన్నాడు. "నాకు సుత ఏడుపొచ్చింది."

పోటీవాళ్ళ నుంచి జవాబు రాలేదు. ఆ వారంలోనే బృందానికి మూడు కార్యక్రమాలు దొరికాయి, మూడూ దినకర్మలే.