శబ్ద నియంత్రణ మంత్రిగారి సైలెన్సర్

ప్రజల చెవులు ఇకమీదట తన చెవులేనని శబ్ద నియంత్రణ శాఖ మంత్రిగారు పత్రికల వారిని పిలిచి ప్రకటించారు. "నిశ్శబ్దమే మా నినాదం!" అని మైకులో నాలుగుసార్లు అరిచారు. వీధి చివర ఆయన కారు తుడుస్తున్న డ్రైవరుకు కూడా ఆ నిశ్శబ్దం స్పష్టంగా వినిపించింది.

తిరిగొస్తుంటే మార్కెట్ దగ్గర చిక్కొచ్చింది. ఒక పెద్దావిడ కారుకు అడ్డంగా నిలబడి తీరిగ్గా ఉల్లిపాయలు ఏరుకుంటోంది.

"ఏమయ్యా, నేనొస్తున్నట్టు ఆవిడకు తెలియదా?"

"బండి చప్పుడు చెయ్యదు కదా సార్. మంచి ఇంజిన్."

"మంచిదైతే నాకేం ఒరిగింది?" అన్నారు మంత్రిగారు.

ఇంట్లో ఆయన బావమరిది ఉన్నాడు. ఫోనులో వీడియోలు చూసి సకల విద్యలూ నేర్చినవాడు. "సైలెన్సర్ ఇంజిన్ గొంతు పిసికేస్తోంది బావా. పీకేసి వెడల్పాటి గొట్టం పెట్టామంటే పెర్ఫార్మెన్స్ రెట్టింపు! షెడ్డుకు తీసుకెళ్తే పేపర్లో పడతాం, ఇంట్లోనే కానిద్దాం."

"కంపెనీ వాళ్లు ఆలోచించే పెట్టుంటారు సార్" అని డ్రైవరు నసిగాడు.

"కంపెనీ వాళ్లు ఎలక్షన్లో నిలబడతారటయ్యా?"

ఆదివారం పొద్దున్నే పోర్టికోలో కారును స్టాండ్ల మీదికెత్తి డ్రైవరు కిందికి దూరాడు. బోల్టులు తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. వాటిని గ్రైండర్‌తో కోస్తుంటే తుప్పంతా కళ్లలో పడింది. బావమరిది కుర్చీలో కూర్చుని, ఫోను చూస్తూ, ఎడమంటే కుడి అని సరిదిద్దుతూ శ్రమించాడు. సాయంత్రానికి కొత్త గొట్టం వెల్డింగ్ పూర్తయింది. స్టార్ట్ చేయగానే పక్కింటి కిటికీ అద్దాలు వణికాయి.

ఊరంతా ఒక చుట్టు తిరిగొచ్చారు. "సార్, ఎత్తు ఎక్కేటప్పుడు పికప్ తగ్గింది. పెట్రోలు కూడా ఎక్కువ తాగుతోంది" అన్నాడు డ్రైవరు.

"జనం గోడలకు అతుక్కుపోతున్నారయ్యా! ఇంతకన్నా పెర్ఫార్మెన్స్ ఏం కావాలి?"

మంత్రిగారు వెనక సీటుకు అడ్డంగా మందపాటి అద్దం బిగించుకున్నారు. డ్రైవరును మాత్రం కిటికీ దించి నడపమన్నారు. ప్రజలతో సంబంధాలు తెగిపోకూడదని ఆయన పట్టుదల. రోడ్ల మీద చప్పుడు కొలిచే సిబ్బంది క్రమశిక్షణ కూడా మెచ్చుకోదగ్గది. ఈ కారు దూరంలో ఉండగానే మీటర్లు జేబులో వేసుకుని సెల్యూట్ కొట్టేవారు.

రెండో నెలలో డ్రైవరు చెవుల్లో హోరు మొదలైంది.

"హోరేమిటయ్యా? అది ప్రగతి!" అన్నారు మంత్రిగారు.

ఆరో నెలకు హోరు కూడా పోయింది. కూతురు బడిలో నేర్చుకున్న పాట పాడుతుంటే ఆ పిల్ల పెదాలు చూసి తలూపాడు. పాట ఎప్పుడైపోయిందో తెలియక ఇంకా ఊపుతూనే ఉన్నాడు. అది చూసి భార్య కళ్లు తుడుచుకుంది. బయటికి తెలిస్తే ఉద్యోగం ఊడుతుందని ఇద్దరూ గుట్టుగా ఉంచారు.

ఇంతలో ప్రతిపక్షం కారు మీద ఫిర్యాదు చేసింది. ప్రభుత్వం ఒక రిటైర్డ్ జడ్జిగారితో విచారణ వేసింది. జడ్జిగారు డ్రైవరును పిలిపించి, ప్రమాణం చేయించి అడిగారు.

"ఆ కారు చప్పుడు చేస్తుందా?"

డ్రైవరు ఆయన పెదాలకేసి చూశాడు. జడ్జిగారి మీసాలు గుబురు. ఒక్క ముక్కా అందలేదు.

జడ్జిగారు గొంతు పెంచారు. "చప్పుడు వినిపిస్తుందా, లేదా?"

డ్రైవరుకు ఈసారీ అందలేదు. ఉద్యోగం పోతే పోయింది, ప్రమాణం చేసి అబద్ధమాడలేననుకున్నాడు.

"నాకేమీ వినపడదు సార్" అన్నాడు, కళ్లనిండా నీళ్లతో.

రెండుసార్లు అడిగినా సాక్షి చప్పుడుందని అనలేదనీ, చివరికి కంటతడి కూడా పెట్టాడనీ జడ్జిగారు రిపోర్టులో రాశారు.

ఆ రిపోర్టును మంత్రిగారు సభలో స్వయంగా చదివారు. అధికారపక్షం బల్లలు విరిగేలా చరిచింది. ప్రతిపక్షం గొంతులు చించుకుంది. స్పీకరుగారు గంట మీద గంట కొట్టారు.

ప్రత్యేక ఆహ్వానం మీద వచ్చి గ్యాలరీలో కూర్చున్న డ్రైవరు ఆశ్చర్యపోయాడు. సభ ఇంత ప్రశాంతంగా జరుగుతుందని అతనికి ఇన్నాళ్లూ తెలియదు.