బరువు లేని నేరస్థుడు

"నా కంట్లో దుమ్ము కొట్టే నేరస్థుడు ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు బావా!" అని ప్రకటించాడు మా బావమరిది, నా చొక్కా తిరగేసి తొడుక్కుని.

తప్పు నాదే. నేనే వాడికి సంగతి చెప్పాను.

మా ఆవిడ డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెబుతుంది. శనివారం క్లాసయ్యాక, ఇంజిన్ ఆపకుండానే కారు దిగి రోడ్డు మీది ప్లాస్టిక్ కోన్లు ఏరుతుంటే, ఆ కారు వాలులోకి జారి పక్కషాపు టైలరు కొత్త కారును గుద్దింది. "హ్యాండ్‌బ్రేక్ వేయడం మర్చిపోయావని ఒప్పుకో అమ్మా" అన్నాడు స్కూలు ఓనరు. ఒప్పుకుంటే ఉద్యోగం ఊడుతుంది. ఒప్పుకోకపోయినా ఊడేలాగే ఉంది. పదకొండేళ్లుగా అందరికీ మొదటి పాఠం హ్యాండ్‌బ్రేకే చెప్పిన మనిషి, రెండు రోజులుగా సరిగ్గా తిండి తినడం లేదు. చూడలేకపోయాను.

సోమవారం అందరం స్కూలుకు చేరాం. కారును శనివారం నిలిపిన చోటే నిలపాలని మా వాడు పట్టుబట్టాడు. మా ఆవిడ అలాగే నిలిపి, ఇంజిన్ ఆపి, గేరులో ఉంచి దిగింది.

"కారులో బ్లాక్‌బాక్స్ ఉంటుంది. గుద్దే ముందు ఏం జరిగిందో అందులో రికార్డవుతుంది!" అన్నాడు. ఆ ఒక్క ముక్కా నిజమే. తర్వాత నల్లడబ్బా కోసం కారంతా గాలించి, మందుల పెట్టెను స్వాధీనం చేసుకున్నాడు.

"అది వెండిరంగులో ఉంటుంది సార్. విప్పక్కర్లేదు" అంటూ స్కూలు మెకానిక్ వైరు తగిలించి, ల్యాప్‌టాప్ చూసి చదివాడు. "స్పీడు తొమ్మిది. యాక్సిలరేటర్ సున్నా. బ్రేక్ పెడల్ సున్నా. డ్రైవర్ సీటు ఖాళీ."

"హ్యాండ్‌బ్రేక్?" అంది మా ఆవిడ ఆశగా.

"అది ఇందులో రాదమ్మా."

ఆమె ముఖం వాడిపోయింది. తమ్ముడి ముఖం మాత్రం వెలిగిపోయింది.

"సీటు ఖాళీ! అంటే, కూర్చున్నా సీటుకే తెలియనంత బక్కప్రాణి!" అంటూ టైలరు వైపు తిరిగాడు.

"నా కారును నేనే గుద్దించుకుంటానా?"

"అక్కడే ఉంది మీ తెలివి!"

"ఒరేయ్, నోర్మూసుకో" అంది అక్క.

టైలరును కూర్చోబెట్టారు. ల్యాప్‌టాప్‌లో 'మనిషి ఉన్నాడు' అని వచ్చింది. నన్నూ కూర్చోబెట్టారు. నేనూ ఉన్నాను. "ఇక మీరు" అన్నాడు మా వాడు ఓనరుతో.

"నూటపది కేజీల మనిషినయ్యా!" అని ఓనరు మండిపడుతూ ఎక్కాడు. గేరు తీసి, శనివారం లాగే ఇంజిన్ స్టార్ట్ చేశాడు. పనిలో పనిగా హ్యాండ్‌బ్రేకును కిర్రుమని చివరిదాకా లాగి, "చూడమ్మా, ఇలా వేయాలి" అని మా ఆవిడకు పాఠం చెప్పి దిగాడు.

మా వాడు కారుకు వీపు పెట్టి గొంతు సవరించుకున్నాడు. "నేరస్థుడు ఇక్కడే ఉన్నాడు. వాడు కదిలితే చాలు, పట్టేస్తాను!"

వెనక కారు కదిలింది.

"ఒరేయ్! వెనక చూడరా!" అని అరిచాను.

"మధ్యలో మాట్లాడకు బావా."

కారు నింపాదిగా వెళ్లి వాడి స్కూటరును గోడకు అదిమేసింది.

మెకానిక్ మళ్లీ చదివాడు. స్పీడు తొమ్మిది. యాక్సిలరేటర్ సున్నా. బ్రేక్ పెడల్ సున్నా. సీటు ఖాళీ. ఆ తర్వాత కారు కింద దూరి, పోగులు పోగులుగా విడిపోయిన హ్యాండ్‌బ్రేక్ కేబుల్ చూపించాడు. "రెండు నెలల కిందటే మార్చమన్నాను సార్."

ఓనరు తన చేతిని తానే చూసుకున్నాడు.

మా ఆవిడ చాలా మర్యాదగా అడిగింది. "హ్యాండ్‌బ్రేక్ వేయడం మర్చిపోయారా సార్?"

ఆయన కేబుల్ వైపు చూస్తూ అన్నాడు. "రేపు ఎనిమిదింటికి క్లాసుంది. రామ్మా."

"కేబుల్ మార్చాకే వస్తాను" అంది.

ముగ్గురం నడిచే ఇంటికి బయల్దేరాం.

"స్కూటరు సరిగ్గా అక్కడే ఎందుకు పెట్టానో ఇప్పుడర్థమైందా బావా?" అన్నాడు మా బావమరిది.

"అయింది" అన్నాను, దాని హెడ్‌లైటు మోసుకొస్తూ.